ఎవరికీ చెప్పొద్దన్న ధర

పిల్లలూ, అనగనగా ఒక అడవిలో ఒక వెలుగు ఉండేది. ఆ వెలుగుకి ఒక యజమాని ఉండేవాడు. గొడవంతా అక్కడే మొదలైంది.

యజమాని పేరు బొంతయ్య. ఎలుగుబంటి. గుట్ట మీది వాగులో అతనికి ఒక నీటిచక్రం ఉంది. చక్రం తిరిగితే కరెంటు పుట్టేది. గుట్ట కింద, ఏటి గట్టున, ఇరవై నాలుగు ఇళ్ల పేట ఉంది. ప్రతి ఇంటికీ బొంతయ్య చక్రం నుంచి ఒక తీగ లాగారు. తీగకి అద్దె కట్టాలి. ఆ అడవిలో రూపాయలు లేవు. అందరూ ఇప్పపువ్వు ఏరతారు కాబట్టి ఏది కొన్నా ఇప్పపువ్వు బుట్టలతోనే కొనేవారు.

మొదటి ఏడు అద్దె మూడు బుట్టలు. రెండో ఏడు అయిదు. మూడో ఏడు ఎనిమిది.

"వాగు ఎండిపోతోంది. నేనేం చెయ్యను?" అనేవాడు బొంతయ్య. వాగు నిండుగా పారిన ఏడు కూడా అదే మాట అన్నాడు.

పేట చివరి ఇంట్లో పుల్లమ్మ ఉండేది. ఆమె అడవికోడి. ఒంటరిది. ఒక రెక్క సరిగ్గా ముడుచుకోదు. గుడ్లు పొదిగే రోజుల్లో కూడా మేత కోసం తనే బయటికి వెళ్లాలి. వానలో తడిసి వచ్చి కూర్చుంటే గుడ్లు చల్లబడతాయి. అందుకని గూట్లో ఒక వేడి దీపం పెట్టుకుంది. మొన్నటి వానాకాలం అద్దెలో రెండు బుట్టలు తక్కువయ్యాయని బొంతయ్య ఆమె తీగ కోయించాడు. మూడు రోజులు ముసురు పట్టింది. తొమ్మిది గుడ్లూ మురిగిపోయాయి.

పేటవాళ్లు పరామర్శకి వచ్చారు. "ఏం చేస్తాం పుల్లమ్మా, నీ తలరాత" అన్నారు.

తలరాత కాదు పిల్లలూ. తీగ దానంతట అది తెగలేదు. కొయ్యమని ఒకరు చెప్పారు, ఒకరు కోశారు.

పుల్లమ్మ ఏడ్చింది. తర్వాత లేచి గూడు ఊడ్చుకుంది. "తొలకరికి మళ్లీ గుడ్లు పెడతాను. ఈసారి ఎవరూ కొయ్యలేని దీపం కావాలి" అనుకుంది.

ఆ వేసవిలో పేటకి ఒక నక్క వచ్చాడు. పేరు లౌక్యయ్య. సోలార్ పలకలు అమ్మేవాడు. పలకని ఇంటి కప్పు మీద పెడితే ఎండ తాగుతుంది. తాగిన ఎండని కరెంటు చేసి కింద బ్యాటరీ పెట్టెలో దాస్తుంది. మబ్బు పట్టిన రోజు తక్కువ వస్తుంది కానీ ఒక దీపానికి చాలు. అద్దె లేదు. ఒకసారి కొంటే ఇరవై ఏళ్లు.

ఆ పేటలో ఒక అలవాటు ఉంది. ఎవరూ తాము కొన్న ధర బయటికి చెప్పరు. చెబితే దిష్టి తగులుతుందని, కొన్న వస్తువు నిలవదని నమ్మకం. సంతలో చాప కొనుక్కొచ్చినా సరే, "ఎంతకి తెచ్చావు?" అంటే "ఏదోలే" అంటారు. లౌక్యయ్య ఈ సంగతి ముందే కనుక్కుని వచ్చాడు.

మొదట ముళ్లపంది ఈరన్న ఇంటికి వెళ్లాడు. ఈరన్న పేటలో అందరికంటే పెద్దవాడు. "మీ మొహం చూసి ముప్పై బుట్టలకి ఇస్తానండీ. ఎవరికీ చెప్పకండి" అన్నాడు. ఈరన్న ముళ్లు నిగిడాయి, సంతోషంతో.

తర్వాత అడవిపంది వరహాలు ఇంటికి వెళ్లాడు. బేరం ఆడటంలో వరహాలుని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. పూటంతా బేరం నడిచింది. ముప్పై అయిదు దగ్గర మొదలై ఇరవై ఆరు దగ్గర ఆగింది. "మీ దగ్గర మన ఆటలు సాగవండీ. ఎవరికీ చెప్పకండి, నా కొంప మునుగుతుంది" అన్నాడు లౌక్యయ్య, నీరసం నటిస్తూ.

"చూశావా నా నోరు?" అన్నాడు వరహాలు పెళ్లాం అంకాలమ్మతో.

"పెళ్లయిన కాడి నుంచి చూస్తూనే ఉన్నాగా" అంది అంకాలమ్మ.

చివరికి పుల్లమ్మ ఇంటికి వెళ్లాడు. గూడు చూశాడు. వంకర రెక్క చూశాడు. "నలభై బుట్టలమ్మా" అన్నాడు.

"నా దగ్గర తొమ్మిది ఉన్నాయి" అంది పుల్లమ్మ.

"ఏడాదికి కాసిని కూడబెట్టుకోండి. నాలుగేళ్లలో దీపం మీదే."

"ఈ తొలకరికి గుడ్లు పెడుతున్నానయ్యా. నాలుగేళ్లు ఆగమని గుడ్లకి చెప్పనా?"

లౌక్యయ్య నవ్వి, "ధర మాత్రం ఎవరికీ చెప్పకండి" అని వెళ్లిపోయాడు.

పుల్లమ్మ ఆ రోజంతా ఆలోచించింది. నలభై చెప్పినవాడు దాచమని ఎందుకంటాడు? మంచి ధర అయితే నలుగురికీ చెప్పుకుంటాడు కదా.

మర్నాడు పొద్దున్నే అందరూ ఏటి దగ్గర నీళ్లు తాగుతున్నారు. పుల్లమ్మ నేరుగా అడిగేసింది. "ఈరన్నా, పలక నీకెంత చెప్పాడు?"

ఈరన్నకి గొంతులో నీళ్లు అడ్డం పడ్డాయి. కుందేళ్లు చెవులు మూసుకున్నాయి.

"అదేం ప్రశ్న పుల్లమ్మా? పొద్దున్నే అడగాల్సిన మాటేనా?" అన్నాడు ఈరన్న.

"నాకు నలభై చెప్పాడు. నాకు దిష్టి తగిలితే తగలనీ. నీకెంత?"

ఈరన్న నేల చూశాడు. "ముప్పై" అన్నాడు.

వరహాలు పకపకా నవ్వాడు. "ముప్పయ్యా! నేను ఇరవై ఆరుకి దింపాను!" అనేసి, చెప్పకూడనిది చెప్పానని నాలిక కరుచుకున్నాడు.

ఇక ఆగలేదు. కుందేలు ముప్పై రెండంది. ఉడుము ముప్పై ఆరంది. అదే పలక, అదే పెట్టె, అదే నక్క. లేనివాళ్లకి ఎక్కువ, నోరున్నవాళ్లకి తక్కువ. ఇంకా ఎవరూ బుట్టలు ఇవ్వలేదు, అదే నయం.

పేటలో నూకాలు అని ఒక గోరింక పిల్ల ఉంది. సంతలో పొట్లాలు కట్టే కాగితాలన్నీ ఏరి చదివేది. కొమ్మ మీదకి ఎగిరి రెక్క ఎత్తింది. "ఎండ ఎవడబ్బ సొత్తు? ఎండ మనది! పలక మనది! దోపిడీ నశించాలి!"

"నశిస్తుందిలే, కిందికి దిగు తల్లీ" అన్నాడు ఈరన్న. "ముందు పైనుంచి చూసి చెప్పు. ఎండ పడే కప్పులు ఎన్ని ఉన్నాయి?"

నూకాలు పేటంతా ఒక చుట్టు తిరిగి వచ్చింది. "ఇరవై. మిగతా నాలుగు ఇళ్లూ గుట్ట నీడలో ఉన్నాయి తాతా."

"సరే. ఇరవై ఇళ్లూ కలిసి కొందాం. అమ్మేవాళ్లని పిలుద్దాం. ధర చెవిలో చెప్పడానికి లేదు. ఈ బండ మీద నిలబడి అందరి ముందూ చెప్పాలి."

కబురు పంపారు. ముగ్గురు వచ్చారు.

మొదట లౌక్యయ్య బండెక్కాడు. "ఇలా అందరి ముందూ ధర చెప్పడం మర్యాద కాదండీ" అని నసిగాడు. చివరికి ముప్పై అన్నాడు.

"నాకు ఇరవై ఆరన్నావుగా!" అని అరిచాడు వరహాలు.

"ఆ రోజు ముహూర్తం బాగుందండీ."

రెండోది ఒక కొంగ. పదహారు బుట్టలే అంది. అందరూ చప్పట్లు కొట్టారు. పుల్లమ్మ అడిగింది, "చెడిపోతే?"

"చెడిపోవమ్మా."

"చెడిపోతే అంటున్నా."

"నేను వలస పక్షిని. వానలు పడితే ఎక్కడుంటానో నాకే తెలీదు."

చప్పట్లు ఆగిపోయాయి.

మూడోవాళ్లు నీటికుక్కల జట్టు. ఏటి దిగువ నుంచి తెప్ప మీద వచ్చారు. వాళ్ల పెద్ద గవరమ్మ. ఆమె తడి ఒళ్లు దులుపుకుని సూటిగా చెప్పింది. "ఒక్క ఇంటికైతే నేనూ ముప్పై అంటాను. ఒక పలక తెచ్చినా పది పలకలు తెచ్చినా తెప్పకి అదే నడక. నిచ్చెన ఒకసారి దింపితే పేటంతా బిగించి వెళ్లొచ్చు. పలకలు చేసేవాళ్లు కూడా ఇరవై ఒక్కసారి తీసుకుంటే తగ్గిస్తామన్నారు. అందుకని ఇరవై ఇళ్లయితే ఇంటికి పద్దెనిమిది. పదేళ్ల పాటు ఏది చెడినా వచ్చి బాగుచేస్తాం. సగం ఇప్పుడు ఇవ్వండి, సగం వచ్చే ఇప్పపువ్వు రోజుల్లో ఇవ్వండి. ఒకరు ఇవ్వలేకపోతే మిగతావాళ్లు పూచీ."

పద్దెనిమిదిలో సగం తొమ్మిది. పుల్లమ్మ దగ్గర ఉన్నవి తొమ్మిదే. ఆమెకి కళ్లు చెమర్చాయి. పైకి మాత్రం, "పెట్టె కూడా ఆ ధరలోనేగా?" అని అడిగింది.

"పెట్టె, దీపం, బిగింపు, అన్నీ" అంది గవరమ్మ. "కానీ రోహిణి కార్తె పోయేలోపు నాకు ఇరవై ఇళ్లు ఖాయం కావాలి. తెప్ప రెండుసార్లు తిరగాలి. మృగశిర వచ్చి ఏరు పొంగిందంటే నేను దాటలేను. పంతొమ్మిదైతే ఈ ధర రాదు. ముందే చెబుతున్నా."

ఏటి గట్టున రెండు చెట్ల మధ్య అడ్డాకు తీగ ఒకటి కట్టారు. చేరిన ఇంటివాళ్లు వచ్చి తీగకి నారతో ఒక ముడి వెయ్యాలి. వారంలో ఇరవై ముళ్లు పడ్డాయి.

లౌక్యయ్య దూరం నుంచి ముళ్లు లెక్కపెట్టుకున్నాడు. అతనికి ఇరవై ముళ్లూ విప్పాల్సిన పని లేదు. ఒక్కటి చాలు.

మళ్లీ మూడు ఇళ్లకి వెళ్లాడు. ఈరన్నతో గుసగుసగా, "మీకు పదహారుకే ఇస్తాను, ముడి విప్పండి" అన్నాడు. ఈరన్న గుమ్మంలోకి వచ్చి ఎదురింటి కుందేలుకి వినపడేలా కేక వేశాడు. "ఒసే సీతాలూ! లౌక్యయ్య నాకు పదహారుకిస్తాడట! నీకెంతకిస్తాడో అడుగు!" లౌక్యయ్య పెరటి దారిన పరిగెత్తాడు.

పుల్లమ్మతో, "మీకు పదికే" అన్నాడు.

"నెల కింద నలభై. ఇవాళ పది. మధ్యలో ముప్పై ఎక్కడ దాచావయ్యా?" అంది పుల్లమ్మ.

వరహాలు దగ్గర మాత్రం ధర సంగతి ముందు ఎత్తలేదు. "ఏంటండీ ఇది? మీరెక్కడ, ఆ వంకర రెక్క కోడి ఎక్కడ? ఇద్దరికీ ఒకే ధరా? ఇక మీ బేరానికి విలువేముంది?" అన్నాడు.

ఆ మాట వరహాలుకి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. నిజానికి అతనికి ఆ బాధ ఉంది. ఆ గుంపులో బేరం ఆడే పని తనకి లేకుండా పోయింది.

"మీకు పదిహేను. మీ ఒక్కరికే. ఎవరికీ చెప్పకండి" అన్నాడు లౌక్యయ్య.

"ఒద్దు. వాడు మన మీద ప్రేమతో వచ్చాడనుకుంటున్నావా?" అంది అంకాలమ్మ.

"వాడు కాళ్ల బేరానికొచ్చాడే!" అన్నాడు వరహాలు.

మిట్టమధ్యాహ్నం, అందరూ అడవిలో ఉన్న వేళ, వరహాలు ఏటి గట్టుకి వెళ్లి తన ముడి విప్పేశాడు.

సాయంత్రం గవరమ్మ వచ్చి తీగ తడుముకుంటూ లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది. "పంతొమ్మిది" అంది. "రెండు రోజులు ఆగుతాను. అంతకు మించి ఏరు నన్ను ఆగనివ్వదు. రేపు పొద్దున తెప్పని దిగువ మలుపులో కట్టుకుంటాం."

ఎవరు విప్పారో ఎవరూ చూడలేదు. పేటంతా ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు. పుల్లమ్మ ఇంటికి వెళ్లి గూట్లో గడ్డి సర్దింది. ఆ మర్నాడే మొదటి గుడ్డు పెట్టింది. ఇక ఆగడానికి లేదు.

అదే పొద్దున వరహాలు పదిహేను బుట్టలూ కావిడిలో పెట్టుకుని లౌక్యయ్య దగ్గరికి వెళ్లాడు. రేవులో తెప్ప లేకపోవడం లౌక్యయ్య అప్పటికే చూసి వచ్చాడు. నీటికుక్కలు వెళ్లిపోయారనుకున్నాడు. బుట్టలు చూసి, "మిగతా ఇరవై ఏవండీ?" అన్నాడు.

"ఇరవయ్యేంటి?"

"ధర ముప్పై అయిదు కదండీ."

"పదిహేనన్నావు!"

"అన్నాను. అప్పుడు మీ వెనక ఇరవై ఇళ్లున్నాయి. వాటిని విడగొట్టడానికి పదిహేను నాకు గిట్టుబాటే. ఇప్పుడు మీ వెనక ఎవరున్నారు?"

వరహాలు వెనక్కి తిరిగి చూశాడు. తన తోక తప్ప ఏమీ లేదు.

బేరం ఆడదామని నోరు తెరిచాడు. లౌక్యయ్య అప్పటికే మొహం తిప్పుకున్నాడు. ఇన్నాళ్లూ ధర దింపింది తన నోరే అనుకున్నాడు. లౌక్యయ్యని పదిహేనుకి దింపింది ఇరవై ముళ్లు. వాటిలో ఒకదాన్ని తనే విప్పాడు.

కావిడి ఎత్తుకుని ఇంటికి వచ్చాడు. వెళ్లి మళ్లీ ముడి వెయ్యొచ్చు. కానీ వెయ్యాలంటే ఎందుకు విప్పాడో చెప్పాలి. ఎంతకి విప్పాడో చెప్పాలి. ఆ రోజంతా ఇంట్లోనే కూర్చున్నాడు. రెండో రోజు సగం గడిచింది. గుట్ట అవతల ఉరుము వినపడింది.

"నోరు నోరంటావు. ఇప్పుడు తెరువు" అంది అంకాలమ్మ.

వరహాలు ఏటి గట్టుకి వచ్చేసరికి పేటంతా అక్కడే ఉంది. దిగువ మలుపు నుంచి గవరమ్మ కూడా వచ్చి ఉంది. వరహాలు బండెక్కాడు. "ముడి నేనే విప్పాను. లౌక్యయ్య పదిహేనుకిస్తానన్నాడు. విప్పాక ముప్పై అయిదన్నాడు" అన్నాడు. అంత చిన్న గొంతు అతనికి ఉందని ఎవరికీ తెలీదు.

నూకాలు ఎగిరి బండ మీదే వాలింది. "ద్రోహి! ద్రోహులకి పేటలో చోటు లేదు! వెలివేయాలి!"

"వెయ్యాలి! వెయ్యాలి!" అన్నాయి కుందేళ్లు.

"వేద్దాం" అన్నాడు ఈరన్న. "వేస్తే మనం ఎంతమందిమి?"

నూకాలు తీగ మీది ముళ్ల వైపు చూసింది. "పంతొమ్మిది" అంది.

"వాడి తప్పు చిన్నదని అనట్లేదు. వాడి మీద కోపంతో వాడు చేసిన పనే మనమూ చేద్దామా అంటున్నా. పుల్లమ్మా, అందరికంటే నీకే నష్టం. నువ్వు చెప్పు."

పుల్లమ్మ వరహాలు వైపు తిన్నగా చూసింది. "నా గూట్లో ఇప్పుడు రెండు గుడ్లున్నాయి వరహాలూ. పోయినేడు తొమ్మిది పోయాయి. నిన్ను క్షమించానని ఇప్పుడే అనలేను. ముడి మాత్రం వెయ్యి. గట్టిగా వెయ్యి."

వరహాలు ముడి వేశాడు. గవరమ్మ అక్కడి నుంచే తెప్ప దగ్గరికి పరిగెత్తింది.

మొదటి తెప్ప పది పలకలతో వచ్చింది. రెండో తెప్పకి నీటికుక్కలు బయల్దేరేసరికి ఏరు పొంగింది. రెండే రెండు రోజులు ముందుగా బయల్దేరి ఉంటే దాటేవారు. ఆ రెండు రోజులు ఎక్కడ పోయాయో అందరికీ తెలుసు.

పది పలకలు, ఇరవై ఇళ్లు. మళ్లీ ఏటి గట్టున కూర్చున్నారు. గుడ్లున్న ఇళ్లు, పసిపిల్లలున్న ఇళ్లు, మంచం పట్టినవాళ్లున్న ఇళ్లు ముందు అనుకున్నారు. మొదటి పలక పుల్లమ్మకి. ఆ లెక్కన వరహాలుకీ ఒకటి రావాలి, అతనికి నలుగురు పిల్లలు.

"నాకు చివరికి ఇవ్వండి" అన్నాడు వరహాలు.

"పెద్ద మనసు నీది, చీకట్లో పడేది పిల్లలు!" అంది అంకాలమ్మ.

"పిల్లల్ని మా ఇంటికి పంపు వదినా. గుడ్ల జోలికి రాకుండా కూర్చుంటే చాలు" అంది పుల్లమ్మ.

పలక రాని పది ఇళ్లూ ఆ వానాకాలం కూడా బొంతయ్యకి అద్దె కట్టాయి. ఈరన్న ఎనిమిది బుట్టలు మోసుకెళ్లి కట్టాడు. తప్పు చేసింది వరహాలు, కట్టింది ఈరన్న. పిల్లలూ, ఒకడు విడిపోతే ఖర్చు వాడొక్కడి నెత్తినే పడదు. వరహాలు నాలుగు బుట్టలు తెచ్చి ఈరన్న గుమ్మంలో పెట్టి వెళ్లిపోయాడు. ఈరన్న వాటిని లోపలికి తీసుకున్నాడు. తీసుకోవడమే న్యాయం.

పది ఇళ్లు చేజారాక బొంతయ్య మరుసటి ఏటి అద్దె సగం చేశాడు. వాగు నీళ్లు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి.

ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం వరహాలు పిల్లల కోసం పుల్లమ్మ ఇంటికి వచ్చాడు. అప్పుడే తడిసి వచ్చిన పుల్లమ్మ మూల నిలబడి రెక్కలు ఆరబెట్టుకుంటోంది. గూట్లో దీపం వెలుగుతోంది. నలుగురు పందిపిల్లలూ గోడకి ఆనుకుని ఊపిరి బిగబట్టి కూర్చున్నారు.

"ఇంటికి పదండర్రా" అన్నాడు గుమ్మంలో నిలబడి.

"ఉండు నాన్నా! ఒకటి పగులుతోంది!"

"లోపలికన్నా రా, బయటికన్నా పో వరహాలూ. తలుపు తీసి నిలబడితే చలిగాలి కొడుతుంది" అంది పుల్లమ్మ.

వరహాలు లోపలికి వచ్చి తలుపు మూశాడు. పిల్లల పక్కన ఒదిగి కూర్చున్నాడు. సాయంత్రానికి ఎనిమిది గుడ్లలో ఏడు పగిలాయి. ఎనిమిదోది పగల్లేదు. పుల్లమ్మ దాన్ని పక్కకి జరిపి, ఏడింటినీ రెక్క కిందికి తీసుకుంది.

వానలు తగ్గాక రెండో తెప్ప వచ్చింది. రేవు నుంచి పేట దాకా పది పలకలూ వరహాలే మోశాడు. గుట్ట నీడలో ఉన్న నాలుగు ఇళ్లవాళ్లు తమ సంగతేమిటని అడిగారు. వాళ్ల పలకలకి ఎవరి కప్పు మీద చోటివ్వాలో తేల్చడానికి పేట మళ్లీ ఏటి గట్టున కూర్చుంది. ఆ రోజు అందరికంటే ముందు లేచి, "మా కప్పు పెద్దది. రెండు పెట్టుకోండి" అన్నది అంకాలమ్మ.

నీతి: మనల్ని విడగొట్టడానికి ఒకరి చెవిలో చెప్పే తగ్గింపు, మనం విడిపోయేదాకానే ఉంటుంది. అందరం కలిసి, అందరి ముందూ అడిగి తెచ్చుకున్న ధరే అందరికీ నిలుస్తుంది.